కంచె అవతల పడ్డ టోపీ

ఖఫ్జీ, సౌదీ అరేబియా, 1995. గురువారం రాత్రి.

దక్షిణాఫ్రికా ఇంజనీరు మధ్యాహ్నం మళ్లీ తన ఊరి సముద్రతీరం ఫొటోలు చూపించాడు. పాత రాతికోట, లైట్‌హౌస్, తిమింగలాలు. ఆ కోటలో రాయి కదిపినా జరిమానా అట. ఎంత మురిపెమో!

సాయంత్రం ఇక్కడి తీరాన్ని ఫొటో తీస్తుంటే అతని టోపీ గాలికి ఎగిరి, గల్ఫ్ యుద్ధంనాటి మందుపాతరల కంచె అవతల పడింది. వెల్డర్ రాజయ్యను వెళ్లి తెమ్మన్నాడు! వీడి లెక్కలో రాయికున్న విలువ మనిషికి లేదు.

"నేను పోను సారూ. ఆయన టోపీ ఆయన్నే తెచ్చుకోమను" అన్నాడు రాజయ్య నాతో.

ఇంగ్లీషులో చెప్పాల్సింది నేనే. ఒక్క మాట కూడా మెత్తబరచకుండా చెప్పాను. దొర ముఖం కందిపోయింది.

"మీకు వీసా ఇచ్చిన కఫీల్‌తో చెప్పి మీ ఇద్దరినీ ఇండియాకు పంపించేస్తా" అని అరిచాడు. కంచె వైపు మాత్రం ఒక్క అడుగు వెయ్యలేదు, పిరికిపంద.

పంపిస్తాడేమో. పంపించనీ. రాజయ్య రెండు కాళ్లతో ఇల్లు చేరతాడు.