బావ చెప్పిన ఎనభై పౌన్ల విల్లు

చిరంజీవి టౌనోకి మీ బావ ఆర్విడ్ దీవించి రాయునది.

యావన్మందికీ ఇందుమూలంగా తెలియజేయడమేమనగా, మన చెత్తడబ్బా మూత దొరికింది. నిరుడు ఎలుగుబంటి ఎత్తుకుపోయిందే, ఆ మూత. పక్కింటివాళ్ళు దాంట్లో కోళ్ళకి నీళ్ళు పెడుతున్నారు. నేను దాన్ని రెండు చేతులతో అందుకుని, రోడ్డు మధ్యగా నడిచి ఇంటికి తెచ్చాను. మీ అక్క ఐలా చూసి, పెళ్ళినాడు కూడా నా మొహం అంత వెలగలేదంది.

ఇక ఇంకో చిన్న సంగతి. నువ్వు ఓడలో వంట చేసుకుంటూ సరస్సుల మీద తిరుగుతావు గనక నీ టపా మా ఇంటికే కదా వచ్చేది. నీ పేర అడవిశాఖ కవరు వస్తే మీ అక్క విప్పింది. నీకు మగ ఎల్క్‌ని వేటాడే చీటీ తగిలిందిరా. గుర్రమంత దుప్పి. మనిద్దరం మీసాలు రానప్పట్నుంచీ ఏటేటా లాటరీలో పేర్లు వేస్తున్నాం. నీకు చీటీ, నాకు 'ఈసారికి లేదు' అని కార్డు. ఒకసారి తగిలినవాడికి జన్మలో మళ్ళీ ఇవ్వరు, తెలుసుగా. వేట డిసెంబర్లో, సరస్సుల మీది పెద్ద వంతెన దాటి దక్షిణాన.

తుపాకీ ముట్టను, విల్లుతోనే కొడతానని నువ్వు మొదట్నుంచీ అంటున్నావు. నీ పాత విల్లు చూస్తే కుందేలు కూడా కదలకుండా కూచుంటుంది. చక్రాలున్న కాంపౌండ్ విల్లు కొను. లాగడానికి ఎనభై పౌన్ల బలం పట్టేది కొను. అంతకు తక్కువది కొంటే నా బావమరిదినని ఎక్కడా చెప్పుకోకు. నేను ఎనభై ఐదు లాగుతాను మరి.

ఇట్లు,
నీ మేలు కోరే బావ

తా.క. మీ అక్క అరవై చాలంటోంది. ఆవిడ మాట పట్టించుకోకు. ఆవిడ నన్ను కూడా చాల్లే అనుకునే చేసుకుంది.

*

బావకి టౌనో నమస్కరించి రాసేది.

ఇక్కడ క్షేమం. డెట్రాయిట్ దగ్గర టపా పడవ వాళ్ళు నీ ఉత్తరం బకెట్టులో వేస్తే తాడుతో పైకి లాక్కున్నాం. చీటీ సంగతి చదివి అలాగే కూచుండిపోయాను. సూపు అడుగంటింది. నావికులు అదే తాగారు, పాపం.

డులూత్‌లో ఓడ ఆగితే విల్లుల కొట్టుకి వెళ్ళాను. కొట్టాయన నన్నొక ఎత్తు స్టూలు మీద కూచోబెట్టి, కాళ్ళు గాల్లోకి ఎత్తమన్నాడు. విల్లు ఎదురుగా తిన్నగా పట్టుకుని, పైకెత్తకుండా లాగమన్నాడు. అరవై పౌన్లది వెన్నలా వచ్చింది. ఎనభైది లాగబోయి విల్లు ఆకాశంకేసి ఎత్తేశాను, స్టూలు మీంచి పడ్డాను కూడా. "పైకెత్తకుండా లాగలేనిది నీ విల్లు కాదు" అన్నాడాయన. మా బావ ఎనభై ఐదు లాగుతాడని చెప్పాను. ఆయన నావైపు కాసేపు చూసి, ఎనభైదే కట్టిచ్చాడు.

ఒకటడుగుతాను, నవ్వకు. ఈ విల్లుకి పైనా కిందా ఉన్న రెండు కొమ్మల మొదట్లో చెరో బోల్టు ఉంది. అవి వదులు చేస్తే లాగే బరువు తగ్గుతుందా? తగ్గేదైతే కొంచెం తగ్గించుకుంటాను. కొట్లో అడుగుదామంటే, నీ పేరు చెప్పి అంత గొప్పలు పోయాక నామోషీ అనిపించింది. నువ్వు చెబితే చాలు.

ఇట్లు,
టౌనో

తా.క. ఇంజను చూసుకునే ఆయన నా విల్లు సగం దాకా లాగి, ముందుకీ పోలేక, వదల్లేక, సన్నగా నా పేరు పెట్టి పిలిచాడు. ఇద్దరం కలిసి దాన్ని మెల్లగా దించాం.

*

చిరంజీవి టౌనోకి బావ దీవెనలు.

ఇక్కడ అందరం కులాసా. డబ్బా మీద మూత ఉంది.

బోల్టుల జోలికి పోకు. అవి కంపెనీ వాళ్ళు ఒక్కసారే బిగించేవి. తిప్పావంటే కొమ్మలు విడిపోయి ఒకటి నీ పళ్ళల్లోకి, ఒకటి కెనడాలోకి పోతుంది. మా మిల్లులో ఒకడు తిప్పాడు. ఇప్పటికీ స్ట్రాతోనే భోంచేస్తున్నాడు. కాబట్టి సాధన చెయ్యి. కాఫీ పెట్టే ప్రతిసారీ ఒకసారి లాగు.

ఇట్లు,
బావ

తా.క. ఇది ముందే తెలిస్తే కాఫీ ఇంకా ఎక్కువ తాగే ఓడ చూసుకునేవాడివి.

*

బావకి టౌనో నమస్కారం.

లాగుతున్నాను బావా. వంటింట్లో, పొయ్యి పక్కన, ఒళ్ళు వెచ్చబడ్డాక ఎనభై గడ్డం దాకా వస్తోంది. మధ్యలో గోడని తోస్తున్నట్టుంటుంది, ఆ తర్వాత చక్రం తిరిగి బరువంతా జారిపోతుంది. ఆ జారడం కోసమే లాగబుద్ధేస్తుంది. నీ మాట ప్రకారం లాగినప్పుడల్లా కాఫీ కాస్తున్నాను. కెప్టెన్‌కి నిద్ర పట్టడం లేదట.

ఒక కోరిక. వేటకి నువ్వు రావాలి. గైడుని పెట్టుకున్నాను గానీ నువ్వు పక్కన లేకపోతే ఎలా. నీ ఎనభై ఐదు విల్లు తీసుకురా, గైడు చూస్తాడు. చీటీ మీద నా పేరున్నా అది మనిద్దరిదీ అనే అనుకుంటున్నాను. కొమ్ములు మీ ఇంట్లోనే తగిలిద్దాం. నాకు గోడ ఎక్కడుంది?

ఇట్లు,
నీ టౌనో

తా.క. ఎనభై ఐదు లాగే మనిషి ఉన్నాడంటే ఇంజను ఆయన నమ్మడం లేదు. ఒక ఫొటో పంపు.

*

చిరంజీవి టౌనోకి,

నడుం పట్టేసింది. రాలేను. ఫొటో తీద్దామనుకున్నాం గానీ, మీ అక్క కెమెరా సర్దుకునేలోపు నేను లాగడం, వదలడం కూడా అయిపోయింది.

చలిలో జాగ్రత్త.

బావ

తా.క. ఇంకేదో రాద్దామనుకున్నాను, వద్దులే. మీ అక్క పేస్టీలు పంపుతోంది. పిండిలో మాంసం, దుంపలు దండిగా కూరి కాల్చింది. అడవిలో అవి గడ్డకట్టాయంటే బాణాలు దండగ, వాటితోనే కొట్టు.

*

బావకి టౌనో నమస్కరించి రాసేది.

ఓడలు చలికాలానికి కట్టేశారు. వేట అయిపోయింది. నేనూ గైడూ తెల్లారక ముందే మంచులో కూచున్నాం. గైడు పేరు మెర్ల్. రోజుకి పది మాటలు కూడా మాట్లాడడు. కూచుని కూచుని కాళ్ళూ చేతులూ నావి కాకుండా పోయాయి. అప్పుడు వచ్చింది బావా. చెట్ల మధ్య నుంచి ఇంకో చెట్టు నడిచొచ్చినట్టు వచ్చింది. మన వంటింటి పొడవంత దూరంలో పక్కకి తిరిగి నిలబడింది. ముక్కులోంచి ఆవిరి వస్తోంది.

లాగాను. రాలేదు. మళ్ళీ లాగాను, ఆ గోడ దగ్గరే ఆగిపోయింది. చివరికి విల్లు ఆకాశంకేసి ఎత్తి, మోకాలు అడ్డం పెట్టి లాగాను. ఎల్క్ తల తిప్పి నన్నే చూస్తోంది. భయపడలేదు. వీడు ఏం చేస్తున్నాడా అన్నట్టు చూసింది. తర్వాత నడుచుకుంటూ వెళ్ళిపోయింది, పరిగెత్తను కూడా లేదు.

మెర్ల్ నా పక్కకి జరిగాడు. నా చేతిలోంచి విల్లు తీసుకున్నాడు, జేబులోంచి చిన్న తాళంచెవిలాంటిది తీశాడు, బోల్టులు రెండూ ఇంతింత తిప్పాడు. నేను రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నాను. ఏమీ పేలలేదు. "లాగు" అన్నాడు. కూచున్నచోటే, ఆ చలిలోనే లాగాను. వచ్చింది. నీలాంటి మంచి మనిషిని తిట్టుకోలేక అక్కడే ఏడ్చాను బావా. మిగతా రోజులన్నీ కూచున్నాం. ఇంకేదీ రాలేదు.

నీకూ తెలియదన్నమాట. నీకెవడో తప్పు చెప్పి ఉంటాడు. ఇన్నేళ్ళుగా నువ్వు ఆ ఎనభై ఐదూ అలాగే లాగుతున్నావు, నడుం పట్టేయదా మరి. నీ విల్లూ వదులు చేసుకో. నేనొచ్చి చేసిపెడతాను.

ఇట్లు,
నీ టౌనో

తా.క. పేస్టీలు నిజంగానే గడ్డకట్టాయి. మెర్ల్ ఒకటి పొట్ట మీద పెట్టుకుని కరిగించుకుని తిన్నాడు. అక్క చేతి వంట బాగుందన్నాడు. ఆ రోజు మాటలన్నీ దానికే అయిపోయాయి.

*

టౌనోకి ఆర్విడ్ రాసేది.

నాకు తెలుసు. మొదటి ఉత్తరం రాసిన రోజే తెలుసు. ఆ బోల్టులు పెట్టేదే తిప్పుకోవడానికి. నా విల్లువి ఎప్పుడో చివరిదాకా వదులు చేసేశాను. మిల్లులో దుంగ భుజం మీద పడ్డ దగ్గర్నుంచీ నలభై ఐదు లాగడానికే నాకు పళ్ళు బిగించాలి. ఐలాకి కూడా తెలియదు. నువ్వు బోల్టుల సంగతి అడగ్గానే గుండె గతుక్కుమంది. నీకు తెలిస్తే, ఈసారి మా ఇంటికొచ్చినప్పుడు నా విల్లు తీసి చూస్తావు. అందుకని పేలుతుందని రాశాను. రాశాక నాకే నవ్వొచ్చింది, అదీ చెప్పాలి.

ఇంకోటి. నీకు చీటీ వచ్చింది, నాకు కార్డు వచ్చింది. నువ్వు కాస్త చెమటోడిస్తే బాగుణ్ణనిపించింది. స్టూలు మీంచి పడ్డావని చదివి రెండు రోజులు నవ్వుకున్నాను. ఎల్క్ పోవాలని మాత్రం అనుకోలేదు. నువ్వు వేటకి రమ్మని రాసిన ఉత్తరం దగ్గర నవ్వు ఆగిపోయింది. ఆరోజే ఒక్క ముక్క రాసుంటే సరిపోయేది. కాగితం మీద సగం రాసి, మళ్ళీ పేస్టీల గురించి రాశాను. నాకు వేళాకోళమే చేతికి ముందొస్తుంది.

అడవిశాఖ ఆఫీసుకి వెళ్ళి, ఎప్పుడైనా నాకు తగిలితే నా చీటీ నీకివ్వొచ్చా అని అడిగాను. కుదరదన్నారు. మరి నీది నీకు మళ్ళీ ఇచ్చే దారి ఉందా అని అడిగాను. కౌంటర్లో అమ్మాయి, మీరు బాగానే ఉన్నారా అని అడిగింది.

ఈ ఉత్తరమంతా మీ అక్కకి చదివి వినిపించాను. చివరిదాకా వింది. తర్వాత పోనీలే అంది.

నువ్వు రా. రాకపోయినా నేనేమీ అనను.

ఆర్విడ్

తా.క. నేను కల్పించినవి ఇవి. ఎనభై ఐదు. స్ట్రాతో భోంచేసేవాడు. నడుం నొప్పి. ఫొటో. ఇంకొకటి కూడా ఉంది. మీ అక్కకి చదివి వినిపించానన్నాను కదా, వినిపించలేదు. ఆవిడ పోనీలే అనలేదు. వంటింట్లో ఉంది, ఎవరికి రాస్తున్నావని ఇప్పుడే అడిగింది. కవరు అంటించకుండా తీసుకెళ్ళి ఆవిడ చేతికిస్తున్నాను.