ఎదుటి కొండ మీది దుప్పి

అక్టోబర్ 9, రాత్రి
రేపే వేట సీజను మొదలు. ఈ ఏడాది ఒట్టు: స్కోపులో దుప్పి కనబడేదాకా కొండ మీద అడుగు వేయను! ఇన్నేళ్లూ ఐడహో కొండలన్నీ తిరిగాను. నన్ను చూసిన దుప్పులున్నాయి గానీ నేను చూసినవి లేవు. దూరానివి దగ్గరగా చూపే కొత్త స్కోపు, ముక్కాలి స్టాండు, కూర్చోవడానికి దిండు, అన్నీ సిద్ధం.

మా ఆవిడ నాడీన్ ఒకటే అంది: "ఈసారీ ఫ్రీజరు ఖాళీ అయితే మాంసానికి మా తమ్ముణ్ని అడుగుతానయ్యా. అప్పుడు మొహం ముడుచుకోకు."

ఆర్విల్‌ని అడగడమా! చలికాలమంతా బంగాళాదుంపలే తింటాను.

అక్టోబర్ 10
చీకటితోనే గట్టు మీదికి చేరి కూర్చున్నాను. ఎదుటి కొండను గళ్లుగా విడదీసుకుని ఒక్కో గడీ చూస్తున్నాను. ఓపిక!

మధ్యాహ్నం: దొరికింది! చెట్టు కింద పడుకున్న మగదుప్పి. ఎంతెంత కొమ్ములో! లేస్తే కాల్చడమే.

సాయంత్రం: లేవలేదు. పెద్దవి దర్జాగానే పడుకుంటాయి.

అక్టోబర్ 11
అక్కడే ఉంది. జడ్జిగారు అని పేరు పెట్టాను. ఆర్విల్ వచ్చి స్కోపులో కన్ను పెట్టాడు.

"బావా, అది మొద్దు."

"పడుకున్న దుప్పి అలాగే ఉంటుంది."

"దాని నెత్తిన గద్ద వాలింది బావా!"

చూశాను. వాలింది.

"గద్దకేం తెలుసు?" అన్నాను.

అక్టోబర్ 13
చలి. ఒక్క బిస్కెట్ తిందామనుకున్నాను. డబ్బా అయిపోయింది. స్కోపు కాస్త పక్కకి తిప్పితే లోయలో ఆర్విల్ గుడారం. వాడు పంది మాంసం వేయిస్తున్నాడు. నూనె చిటపటలు కూడా కనబడుతున్నాయి! మంచి స్కోపే కొన్నాను. పొద్దుగూకేదాకా అదే చూశాను. ఇదీ సాధనే.

అక్టోబర్ 17
పికప్పు దాకా వెళ్లడం అడుగు వేయడం కిందికి రాదు. హీటరు వేసుకుని అద్దంలోంచి చూశాను. అద్దానికి ఆవిరి పట్టింది. కునుకు పట్టింది.

కంటి చుట్టూ స్కోపు ముద్ర పడింది. ఇంటికి రాగానే "ఎవడు గుద్దాడయ్యా?" అంది నాడీన్.

అక్టోబర్ 24, ఆఖరి రోజు
నాడీన్ సూపు తెచ్చింది. తన తుపాకీ, తన పర్మిటూ తెచ్చుకుంది.

"ఏవయ్యా, ఒకసారి కిందికి చూడు."

"ఆగు, ఈ గడి అవలేదు."

"ఏవయ్యా!"

"అరవకు, దుప్పులు బెదురుతాయి!"

నాడీన్ తుపాకీ పేలింది.

గట్టు కిందే, రాయి విసిరితే తగిలేంత దూరంలో, పెద్ద కొమ్ముల దుప్పి పడి ఉంది. పక్కన గడ్డి నలిగి అది పడుకునే గుంట. పెంటికలు కొత్తవీ ఉన్నాయి, పాతవీ ఉన్నాయి. రోజూ నా కిందే పడుకుందన్నమాట. సిగ్గుతో చచ్చిపోయాను.

మాంసం మోయడం నా వంతు. అడుగులు వేశాను.

అక్టోబర్ 25
ఫ్రీజరు నిండింది. స్కోపు వంటింటి కిటికీలో పెట్టాను. మొదటిసారి ఒకటి అందరికంటే ముందు కనిపెట్టాను: ఆర్విల్ బండి, వెనక ఖాళీ ఐసు పెట్టె.

"నాకేం దొరకలేదు బావా. కాస్త మాంసం..."

"ఏం, గద్ద చెప్పలేదా?" అన్నాను. ఈ సంతోషం కోసం ఎన్నాళ్లు కూర్చున్నానో!

"ఎవరు కొట్టారు బావా?"

"మా ఇంట్లోవాళ్లం."

నాడీన్ నా వైపు చూసింది. తమ్ముడి పెట్టె నింపింది.

వచ్చే ఏడాది ఒట్టు: స్కోపులో దుప్పి కనబడేదాకా అడుగు వేయను. పక్కన నాడీన్ కూర్చుంటుంది.