అన్నయ్య తొట్టికి ఇసక

నఖటా బే

ప్రియమైన జియోనే వదినకు,

ప్రియమైన అని రాయడం అమ్మ నేర్పిన అలవాటు. అంతకు మించి ఊహించుకోకు.

మొన్న లిలోంగ్వే వచ్చినప్పుడు అన్నయ్య చేపల తొట్టి చూసి కడుపు మండింది. అడుగున ఆ నీలం గులకరాళ్ళేమిటి, పెళ్ళి అలంకరణా? అవి మన ఊరి సరస్సు చేపలు. మగది నోటితో ఇసక ఎత్తిపోసి దిబ్బ కడితేనే ఆడది దగ్గరికొస్తుంది. పాపం, మగది ఆ రాళ్ళ మీద ఏం చెయ్యాలో తెలీక మూల నక్కింది.

పోయిన మా సాంగ్వాని అన్నయ్యని ఇక్కడ అమ్మ సమాధి పక్కన పడుకోనివ్వలేదు నువ్వు. పరాయి ఎర్రమట్టిలో పూడ్చేశావు. ఆయన చేపలనైనా ఆయన ఇసక మీద బతకనివ్వు. మినీబస్సులో ఇసక సంచి పంపుతున్నాను.

నీ ఆడపడుచు,
టొవేరా

*

లిలోంగ్వే

ప్రియమైన టొవేరాకు,

మర్యాద మా అమ్మ కూడా నేర్పింది.

అప్పటి వానలకి దారిలో వంతెన కొట్టుకుపోయిందని అందరూ చెప్పినా నీ చెవికెక్కదు. మీ అన్నయ్యని నెత్తిన పెట్టుకుని ఏరు ఈదమంటావా? ఆయన పోయాక ఇంట్లో నాకు అలికిడంటే ఆ చేపలే. వాటిని నేను చంపుకుంటానా?

రాళ్ళు తీసేశాను. పక్కన ఇల్లు కడుతున్నవాళ్ళ కుప్పలోంచి ఇసక తెచ్చి, కడిగి పోశాను. ఏదైనా ఇసకే కదా. నీ సంచి ముడి కూడా విప్పలేదు. ఏ మందు కలిపావో ఎవరికి తెలుసు?

తప్పక నీ వదిన,
జియోనే

*

నఖటా బే

ప్రియమైన వదినకు,

అది గోడలు కట్టే ఇసక! దానికి మొనలుంటాయి. ఆ చేప ఇసక నోట్లో పోసుకుని మొప్పల్లోంచి వదులుతుంది. నువ్వు దానికి గాజుపెంకులు తినిపిస్తున్నావు.

నా ఇసకలో మందా? ఎక్కడిదో చెబుతా విను. అమ్మ పక్కన అన్నయ్యకి తవ్విన గోతిలోది. మగవాళ్ళు రాత్రంతా గోతికి కాపలాగా దాని పక్కనే పడుకుని ఎదురుచూశారు. మీరు రాలేదు. గొయ్యి ఖాళీగా ఉంటే మరొకరిని పిలుస్తుందని, అరటి బోదెకి బట్ట చుట్టి పాతిపెట్టారు. నేను అరటి బోదె మీద పడి ఏడ్చాను, వదినా. మిగిలిన ఇసక నీకు పంపాను.

టొవేరా

*

లిలోంగ్వే

ప్రియమైన టొవేరాకు,

గోతి ఇసక ఇంటికి పంపుతావా? నీకు మతిపోయిందా? మా పాస్టరుగారు వింటే నన్ను చర్చి గుమ్మం తొక్కనివ్వరు.

ఉత్తరం చదివేసరికి మగ చేప మొప్పలు ఎర్రబడి పక్కకి ఒరిగి ఉంది. అది కూడా పోతుందేమో అనుకున్నాను. నువ్వు చెప్పింది నిజమే. ఆ ఇసకంతా ఎత్తేసి తొట్టి అడుగు ఖాళీగా ఉంచాను. చేప కోలుకుంటోంది.

నీ సంచి మాత్రం తొట్టిలో పొయ్యలేదు. శ్మశానానికి మోసుకెళ్ళి, మీ అన్నయ్య మీద ఎర్రమట్టి కనబడకుండా పరిచాను. ఇప్పుడాయన మీ ఇసక కిందే ఉన్నాడు. పరాయి మట్టి అని ఇంకోసారి అన్నావంటే ఊరుకోను.

తొట్టికి వేరే ఇసక కావాలి. గోతిది కాదు, ఒడ్డుది. మినీబస్సులో పంపితే సగం దారిలోనే కారిపోతుంది. నువ్వే తీసుకురా. నోరారా పోట్లాడదామంటే ఇక్కడ నాకెవరూ లేరు.

నీ వదిన,
జియోనే