రాజుగారికన్నా ముందు ముద్ద

చిరంజీవి తమ్ముడికి అక్క దీవెనలు.

ఇక్కడ అందరం బాగున్నామని రాయడం అలవాటు కాబట్టి రాస్తున్నాను. నిజానికి బాగాలేం. కారణం నువ్వు.

మీ బావగారు గడియారాల కొట్టు మూసేసి ఇంట్లో కూర్చున్నాక పొద్దు పోవడం లేదన్నారని ఒక లావుపాటి పుస్తకం పంపావే, రసవాదులూ పాషాణాలూ విషాలూ వాటి చరిత్రా అని. మ్యూజియంలో పనిచేసేవాడివి, నీకు ఇంకేమీ దొరకలేదా? మొదట్లో ముచ్చటగానే ఉంది. రాగికి పాషాణం పట్టించి తెల్లగా చేసి, వెండి అని చెప్పి అమ్ముకున్నవాళ్ళ కథ చదివితే కుట్టుమిషన్ ఆపి మరీ విన్నాను. తర్వాత రాజుల వంటశాలల అధ్యాయం వచ్చింది. రాజు తినేముందు ఒక మనిషి రుచి చూసేవాడట. వాడు కులాసాగా ఉంటేనే రాజు ముద్ద ఎత్తేవాడట. ఆ మధ్యాహ్నం నేను వడ్డించగానే మీ బావగారు కంచం నా వైపు తోసి, "ముందు నువ్వు తిను" అన్నారు. ఎందుకన్నాను. "చరిత్ర అలా చెబుతోంది" అన్నారు.

పెళ్ళయిన దగ్గర్నుంచీ ఈ చేతి వంటే కదరా తింటున్నారు. ఇప్పుడు అనుమానమా? పైగా ఒక ముద్ద చాలదట, నెమ్మదిగా పనిచేసే విషాలుంటాయి కనక సగం కంచం తినాలట. నేను తింటున్నంతసేపూ చేతిలో గడియారం పట్టుకుని నా మొహమే చూస్తారు. అవతల స్కూలు యూనిఫారాలు గుట్టగా పడి ఉన్నాయి. ఇదివరకు ఆయనకి పెట్టేసి, పని తెమిలాక ఎప్పుడో ఇంత తినేదాన్ని. ఇప్పుడు వేడన్నం ముందు దొంగలా కూర్చుంటున్నాను. నువ్వు పెట్టిన చిచ్చు నువ్వే ఆర్పు. లేకపోతే మిషన్‌తో సహా మీ ఇంటికి వచ్చేస్తాను.

ఇట్లు,
నీ అక్క

తా.క. ఆమధ్య నేను మిషన్ మీద తల వాల్చి పడిపోయానని నీకెవరు చెప్పారో గానీ, అది ఒట్టి నీరసం. డాక్టరు టానిక్ రాశాడు. మీ బావగారు ఆ సీసాని కూడా వెలుగులో పెట్టి చూస్తున్నారు.

*

పూజ్యురాలైన అక్కకి నమస్కారాలు.

నీ ఉత్తరం మా మ్యూజియం పాషాణాల గదిలో, నా బల్ల దగ్గరే చదివాను. బాధ కలిగింది. బావ పుస్తకం చదువుతున్నారని తెలిసి సంతోషం కూడా కలిగింది. మా గదికి వచ్చేవాళ్ళలో సగంమంది బయట వాన పడుతోందని వస్తారు.

బావకి ఈ మాట చెప్పు. రుచి చూసే మనిషి వల్ల పెద్ద లాభం లేదు. తెల్ల పాషాణానికి, అదే ఆర్సెనిక్‌కి, రుచీ వాసనా ఉండవు. పిండిలో పడితే పిండిలా, పంచదారలో పడితే పంచదారలా కలిసిపోతుంది. అందుకే కొందరు వెండి చెంచాని నమ్ముకున్నారు, విషం తగిలితే నల్లబడుతుందని. అదీ పూర్తిగా నిజం కాదు. ఇక చేతి తొడుగులకీ ఉత్తరాలకీ విషం పూసి పంపేవారని బోలెడు కథలున్నాయి. ఇవన్నీ వివరంగా చెబితే ఆయన భయం పోతుంది.

ఒక మాట అడగక తప్పదు. చిన్నప్పుడు నా మీద కోపమొచ్చి నా పాలల్లో ఉప్పు కలిపావు. బావ మీద కూడా ఏదైనా కోపం ఉంటే నాకు మాత్రం దాచకు.

ఇట్లు,
నీ తమ్ముడు

తా.క. ఎలకల మందు ఇంట్లో ఉంటే దాని రంగు ఏమిటో రాయి. అనుమానంతో కాదు, మా దగ్గర పాత డబ్బాలు తక్కువగా ఉన్నాయి.

*

చిరంజీవి తమ్ముడికి దీవెనలు, మొట్టికాయలు.

నీ ఉత్తరం ఆయనకి చదివి వినిపించాను, ఆ పాలూ ఉప్పూ సంగతి మింగేసి. భయం పోతుందన్నావు. పోయింది, వీధిలోకి పోయి ఇంకో నలుగురిని వెంటేసుకొచ్చింది. ఇప్పుడు ఇంటికొచ్చే ఉత్తరాలు ఆయన ముట్టుకోరు, నేనే విప్పాలి. పంపే కవర్లకి జిగురు తడపడం, స్టాంపు అంటించడం కూడా నా నాలుక పనే. జిగురులో ఏముందో ఎవరికి తెలుసంటారు.

ఇక వెండి చెంచా. మా అత్తగారిది, బీరువాలోంచి తీశారు. ఉడకబెట్టిన గుడ్డులో గుచ్చి కాసేపు ఉంచితే నల్లబడింది. పారేద్దామని లేచాను. "కూర్చో, పరీక్ష పూర్తి కావాలి, రెండు గుడ్లూ నువ్వే తిను" అన్నారు. విషమని తేలాక కూడా నన్నే తినమంటారేమిట్రా? ఏడుపు దిగమింగుకుని తిన్నాను. ఏమీ కాలేదు. ఆయన మొహంలో ఒక నవ్వులాంటిది వచ్చి పోయింది. అది నాకు అసలు నచ్చలేదు.

ఇట్లు,
నీ అక్క

తా.క. నా జాకెట్లు పట్టడం లేదు, చేతుల కుట్లు విప్పుకున్నాను. బుగ్గలు ఎర్రబడ్డాయేమని పక్కింటావిడ అడిగింది. అంత చదివావు కదా, ఇది ఏ విషం లక్షణం?

*

పూజ్యురాలైన అక్కకి నమస్కారాలు.

గుడ్డులో సహజంగానే గంధకం ఉంటుంది. దానికి వెండి నల్లబడుతుంది. నీ గుడ్లు నిర్దోషులు.

నన్ను నిద్రపోనివ్వనిది నీ తా.క. ఒకప్పుడు కొన్ని కొండప్రాంతాల వాళ్ళు చిటికెడు పాషాణం అలవాటుగా తినేవారట. ఒళ్ళు చేస్తుందనీ, బుగ్గలు ఎర్రబడతాయనీ వాళ్ళ నమ్మకం. ఇన్నాళ్ళూ బావ భయపడుతున్నారనుకున్నాను. కానీ గడియారం పట్టుకుని ఎదుటివాళ్ళ మొహం చూస్తూ కూర్చునేది భయపడ్డవాడు ఒక్కడే కాదు.

నీ జుట్టు కాస్త కత్తిరించి పంపు. పాషాణం మనిషి జుట్టులో చేరి అక్కడే ఉండిపోతుంది. మా మ్యూజియంలో రసాయనాలు చూసే ఆవిడ పాతకాలపు పరీక్ష చేసి పెడతానంది. పింగాణీ మీద మెరిసే నల్ల మచ్చ పడితే ఉన్నట్టు. వెనకటికి ఒక రసాయనశాస్త్రవేత్త చూపిన రుజువు కోర్టుకి చేరేలోగా పాడైతే, నిందితుడిని వదిలేశారట. ఆ ఉక్రోషంతో ఆయన కనిపెట్టిన పరీక్ష ఇది. చాలా ఆసక్తికరమైన కథ, ప్రాణాలతో కలిస్తే చెబుతాను.

ఇట్లు,
నీ తమ్ముడు

తా.క. ఈ ఉత్తరం ఎవరికీ చదివి వినిపించకు.

*

చిరంజీవి తమ్ముడికి దీవెనలు.

జుట్టు పెట్టాను. తెల్లవి ఏరి తీసేశాను, ఆ రసాయనాలావిడ ఏమనుకుంటుందోనని.

ఇంతకాలం కలిసి బతికిన మనిషి నాకు విషం పెడతారని నేను నమ్మను. కానీ నేను పెడతానని ఆయన నమ్మారు కదా, అదే నన్ను కోసేస్తోంది. సంచి సర్దుకున్నాను. ఫలితం రాగానే బయల్దేరతాను.

ఇట్లు,
నీ అక్క

తా.క. దార్లోకి కాస్త ఏదైనా చేసుకుంటాను. ఈ మధ్య వేళకి ఆకలేస్తోంది, చిరాగ్గా ఉంది.

*

గౌరవనీయులైన బావగారికి నమస్కారాలు.

అక్క జుట్టు పరీక్ష చేయించాను. మచ్చ రాలేదు. నమ్మకం కలగక మళ్ళీ చేయించాను, రాలేదు. రసాయనాలావిడ విసుక్కుంది. అక్క సంచి సర్దుకుని కూర్చుంది, తెలుసా? సూటిగా అడుగుతున్నాను, మా అక్కకి ఏం పెడుతున్నారు?

ఇట్లు,
మీ బావమరిది

తా.క. జవాబు చేతి తొడుగులు వేసుకునే విప్పుతాను.

*

చిరంజీవి బావమరిదికి ఆశీస్సులు.

అన్నం పెడుతున్నాను. అదీ ఆవిడ వండిందే.

మీ అక్క పడిపోయిన రోజు డాక్టరు నన్ను బయటికి పిలిచి, "ఈవిడకి జబ్బు లేదండీ, తిండి లేదు" అన్నాడు. నాకు పెట్టేసి, పనిలో పడి, మిగిలితే చల్లారింది తినడం, లేకపోతే మంచినీళ్ళు తాగి మళ్ళీ మిషన్ ఎక్కడం. ఊళ్ళోవాళ్ళ గడియారం కాస్త వెనకబడితే చెవితో పట్టుకునేవాణ్ణి, ఇంట్లో మనిషి ఆగిపోతుంటే చూడలేదు. సిగ్గేసింది.

నాతోపాటు తినమన్నాను. "మీరు కానివ్వండి, వస్తున్నా" అంది. కోప్పడ్డాను. బతిమాలాను. అదే మాట. తన కోసం తినమంటే తినే మనిషి కాదు. అప్పుడు నీ పుస్తకంలో రాజుకన్నా ముందు, వేడివేడిగా తినే ఉద్యోగి ఒకడు కనిపించాడు. ఆ ఉద్యోగం మీ అక్కకి ఇచ్చాను. నా ప్రాణం కాపాడటానికి అనేసరికి తిట్టుకుంటూనైనా తింటోంది. గుడ్డుకి వెండి నల్లబడుతుందని నాకు తెలియదనుకున్నావా?

అనుమానించానని ఆవిడ కుమిలిపోతుంటే నాకూ ముద్ద దిగడం లేదు. కానీ నిజం చెబితే మళ్ళీ "వస్తున్నా" మొదలుపెడుతుంది. వెళ్తానంటే నీ దగ్గరికే కదా, వెళ్ళనీ. ఒకటే కోరిక. అక్కడ ముందు ఆవిడకి పెట్టి, తర్వాత నువ్వు తిను.

ఈ కవరు కూడా అంటించమని ఆవిడకే ఇవ్వాలి, లేకపోతే నా వేషం బయటపడుతుంది. ఒకరి ఉత్తరం చదివే మనిషి కాదు, అదే నా ధైర్యం.

ఇట్లు,
నీ బావ

తా.క. ఒరేయ్ తమ్ముడూ, ఇది అక్క రాస్తున్నాను. ఈ ఇంట్లోంచి పోయేది ఏదైనా ముందు నేనే రుచి చూడాలని ఆయన పెట్టిన రూలే, అందుకని చూశాను. చాలాసేపు మిషన్ మీద తల పెట్టుకుని కూర్చున్నాను, ఈసారి నీరసం కాదు. సంచి విప్పేశాను. నాకు తెలిసిందని ఆయనతో అనకు. ఇవాళ సగం కంచం తిని, "నాకూ మీ మీద అనుమానంగానే ఉంది, రేపట్నుంచి ఇద్దరం ఒకేసారి తిందాం" అన్నాను. ఆయన గడియారం జేబులో పెట్టేసుకున్నారు. ఆ పుస్తకం అయిపోవస్తోంది. రెండో భాగం ఉంటే వెంటనే పంపు.