కాగు దగ్గరి కబుర్లు

ఇంటికొచ్చిన ప్రతిసారీ గుమ్మానికి తల కొట్టుకునే మా పొడుగాయనకి,

మీ ఉత్తరం అందింది. నెలాఖరున వచ్చి అత్తయ్యను వదినగారింట్లో దింపేస్తానని రాశారు. పందిని కోసే ముందురోజు దానికి నీళ్లు తప్ప ఏమీ పెట్టకూడదని పుట్టినప్పటినుంచీ తెలిసిన మనిషి, రెండుసార్లు మేత పెట్టేసిందంటే మతిమరుపు ముదిరిందనేగా, ఇక పొయ్యి దగ్గర ఎలా వదిలేస్తామని మీ బాధ. ఒక మాట చెప్పాలి. కోప్పడండి, కానీ చివరిదాకా చదివి కోప్పడండి.

ఆ రెండుసార్లూ మేత పెట్టింది అత్తయ్య కాదు. నేను.

మీరు పనికని ఊరు దాటి వెళ్లిపోయాక ఈ ఇంట్లో మేమిద్దరమే. ఆవిడ సంగతి మీకు తెలియనిదా, పగలంతా నోట్లోంచి ముత్యాలు రాలవు. "ఉప్పు తే", "తలుపు వెయ్యి", అంతే. కానీ పొద్దున్నే కొట్టం పక్కన కాగు కింద మంట పెట్టి, దుంపలూ తొక్కలూ తవుడూ ఉడకబెడుతున్నంతసేపూ ఆవిడ వేరే మనిషి. పొగమంచు గోడదాకా వచ్చి ఆగుతుంది. కాగులోని ఆవిరి లేచి అందులో కలిసిపోతుంది. ఏది ఆవిరో ఏది మంచో తెలీదు. ఆ తెలుపులో నాకు అత్తయ్య కనబడదు, గొంతే వినబడుతుంది. మామయ్య మొదటిసారి పెళ్లి సంగతి మాట్లాడ్డానికి వచ్చి కంగారులో వేరేవాళ్ల చెప్పులు వేసుకుపోయిన సంగతి, మూడేళ్లప్పుడు మీరు పందిపిల్లల మధ్య గడ్డిలో నిద్రపోతే ఊరంతా వెతికిన సంగతి. పంది కూడా తొట్టి అంచుకి ముట్టె ఆనించి వింటున్నట్టే ఉంటుంది. నాకైతే అది కలో నిజమో తెలియకుండా పోతుంది. ఒకరోజు ఆ ఆవిరిలోంచే, "పిల్లా, నీకిక్కడ బెంగగా ఉంటుందా?" అని అడిగింది. ఈ ఇంటికొచ్చిన మూడేళ్లలో ఆ మాట నన్ను ఎవరూ అడగలేదండీ. మీరు కూడా.

పంది కోతకి పోతే కాగు బోర్లించేస్తారు. మళ్లీ పిల్లల్ని తెచ్చేది నాలుగు నెలలకి. పోయినేడు ఆ నాలుగు నెలలూ గోడలతో మాట్లాడాను. అందుకే కోత ముందురోజు అత్తయ్య స్నానానికి వెళ్లగానే బకెట్టెడు తవుడు కలిపి తొట్టిలో పోసేశాను. మర్నాడు కసాయి వచ్చి తొట్టిలో అంటుకున్న తవుడు చూశాడు. పేగులు నిండుగా ఉంటే కోతలో చిట్లి మాంసం పాడవుతుందని, కత్తుల మూట విప్పకుండానే లేచాడు. "ఎవరు పెట్టారమ్మా?" అన్నాడు. నేను తెల్లముఖం వేశాను. అత్తయ్య నా వైపు ఒకసారి చూసి, "నేనేనయ్యా, మరిచిపోయి పెట్టేశాను" అంది. నిజంగా తనే పెట్టాననుకుందేమోనని భయమేసింది. అయినా నోరు విప్పలేదు. రెండోసారీ అంతే. ఇంత నంగనాచిని కట్టుకున్నారు మీరు.

మతి పోయింది అత్తయ్యకి కాదు, నాకు. ఆవిడని పంపించకండి. ఎల్లుండి మళ్లీ కోత. ఈసారి తవుడు ముట్టుకోను.

మీ ఇల్లాలు

*

ఒరే చిన్నోడా,

నీ పెళ్లాం ఈ కవరు అంటించి పోస్టులో వెయ్యమని నాకిచ్చింది. అంటించేముందు చదివాను. తప్పే, ఏం చేస్తావు చెప్పు. మూడు రోజులు నా దగ్గరే ఉంచుకుని, దాంతోపాటు ఇదీ పెడుతున్నాను.

నాకు మతిమరుపు లేదు, మట్టీ లేదు. మొదటిసారే తెలుసు. నలభై ఏళ్లు పందుల్ని మేపినదాన్ని, నేను కలిపిన తవుడేదో తెలీదా? నీ పెళ్లాం చన్నీళ్లతో కలుపుతుంది, ఉండలు కడుతుంది. పైగా గోళ్లనిండా తవుడే. కసాయికి తెలిస్తే పదిమందికీ చెప్పి నవ్వుతాడు. ముసలిదాన్ని, మరిచిపోయానంటే నన్నెవరూ ఏమీ అనరు కదా అని నెత్తినేసుకున్నాను. నువ్వు దాన్నే పట్టుకుని నా బట్టలు సర్దించేస్తావనుకోలేదు.

ఎందుకు పెడుతోందో మాత్రం నాకు తట్టలేదు. పంది మీద జాలేమో అనుకున్నాను. నా కబుర్ల కోసమని చదివితే ఏడుపొచ్చిందిరా. మీ నాన్న పోయాక మనిషి మొహం చూస్తూ మాట్లాడ్డం నాకు చేతకాకుండా పోయింది. ఆవిరి చాటున అయితే వస్తాయి మాటలు.

కోత నిన్న అయింది. మొన్నంతా పంది ఆకలికి అరుస్తుంటే తను నీళ్లు మాత్రం పోసి, తొట్టి పక్కనే కూర్చుంది. మాంసం శుభ్రంగా వచ్చింది. సగం ఉప్పులో వేశాం, సగం పొగకి వేలాడదీశాం.

ఈ పొద్దున తను కాగు బోర్లించబోయింది. "ఉండు పిల్లా" అన్నాను. కాగులో నీళ్లు పోసి మంట పెట్టాను. దుంపల్లేవు, తవుడు లేదు, ఉత్త నీళ్లు. ఆవిరి లేచి గోడదాకా వెళ్లింది.

"ఇవెవరికత్తయ్యా?" అంది.

"మనకే" అన్నాను. మధ్యాహ్నందాకా కూర్చున్నాం.

నెలాఖరున రా. నన్ను తీసుకెళ్లడానికి కాదు. పొద్దున్నే లేచి కాగు దగ్గరికొచ్చి కూర్చో. బెంగగా ఉందా అని నేనడిగిన మాట దాన్ని నువ్వూ ఒకసారి అడుగు.

అమ్మ