ఫౌజు గోదాముకు పోయే ముందు

నాంపల్లి స్టేషన్ వెనక సందులో కిరాయి ఇంట్లో ఉంటున్న నేను, కీర్తిశేషులైన కిషన్‌రావు గారి రెండవ కుమారుడు శ్రీపతిని. వయస్సు ముప్పై ఒకటి. నిన్నటి వరకు ఆబిడ్స్‌లో ఒక బట్టల దుకాణంలో గుమాస్తాను. ఒంట్లో జబ్బు లేదు, మతి స్థిమితంగానే ఉంది, ఎవరి బలవంతమూ లేదు. దీపం సన్నం చేసి వ్రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉన్నాయని ఇది నా వ్రాత కాదని ఎవరూ వాదించవద్దు.

రేపు పొద్దుటి బండిలో అస్సాం సరిహద్దుకు, ఫౌజు సామాను గోదాములో గుమాస్తాగిరికి పోతున్నాను. అటువైపు బాంబులు పడుతున్నాయని దుకాణంలో అందరూ చెప్పుకుంటున్నారు. నేను తిరిగి రాకపోతే నా వెనక ఏం జరగాలో ఇందులో వ్రాస్తున్నాను.

1. ఈ నౌకరీకి ఎందుకు ఒప్పుకున్నానో మొదట చెప్పాలి. నా కూతురు నర్మదకు నాలుగేళ్లు. పెద్దదై అడిగితే ఈ కాగితం చూపించడానికి ఉంటుంది. లడాయి మొదలైన నాటి నుంచి బియ్యం, కట్టెలు, దీపంలోకి గ్యాసునూనె, అన్నీ పిరమైనాయి. ఇంటాయన కిరాయి పెంచాడు. నా జీతం ఉన్నచోటనే ఉన్నది. పాలు సగం చేశాము, దీపం తొందరగా ఆర్పడం మొదలుపెట్టాము. అయినా నా పళ్లెంలో అన్నం తగ్గలేదు. నా భార్య వసుమతి రోజూ "నేను ముందే తిన్న, మీరు తినున్రి" అనేది. దీపావళి తరువాత ఒకనాడు దుకాణం మూస్తే మధ్యాహ్నమే ఇంటికి వచ్చాను. ఆమె పొయ్యి పక్కన కూర్చుని గంజిలో ఉప్పు వేసుకుని తాగుతున్నది. గిన్నెలో మెతుకు లేదు. నన్ను చూసి గిన్నెను కొంగు చాటున పెట్టుకున్నది. ఆనాటి నుంచి నాకు అన్నం ముందు కూర్చోవాలంటే భయం. ఫౌజులో జీతం రెట్టింపు అన్నారు. ఇదీ భయమే, అదీ భయమే. ఆమె కడుపు నిండే భయాన్ని ఎంచుకున్నాను.

2. నా జీతంలో నెలనెలా ఇంటికి పంపే భాగం, నేను పోతే సర్కారు ఇచ్చే పైకం, ఇంట్లోని సామాను, నా సైకిలు, అన్నీ వసుమతివే. సైకిలు అమ్మి ఇంటి కిరాయి ముందుగా కట్టాలి. పైకంలో మొదటి ఖర్చు వసుమతి తిండి. ఇది దస్తావేజులో వ్రాసే మాట కాదని తెలుసు. నర్మదకు పెట్టగా మిగిలింది తినడం కాదు, నర్మద పక్కన కూర్చుని తినాలి. రెండవ ఖర్చు వసుమతి పంతులమ్మ ట్రైనింగు. ఆమె ఏడవ తరగతి పాసైంది. దస్తూరీ నాకంటే బాగుంటుంది.

3. మా అన్న వామన్‌రావు సంగతి. నాన్న పోయిన తరువాత, అప్పులు తీరుస్తానని గౌలిగూడ ఇల్లు తన పేర వ్రాయించుకున్నాడు. నేను దావా వేయలేదు, నా వారసులూ వేయవద్దు. కాని పోయిన నెల కొంచెం బియ్యం అడగడానికి పోతే, "ధరలు నాకొక్కనికి తగ్గినయా తమ్మీ" అన్నాడు. వెనక గదిలో కప్పు దాకా బస్తాలున్నాయి. వాకిట్లోకి కొత్త బియ్యం వాసన వస్తున్నది. నేను ఫౌజుకు పోతున్నానని తెలిసి మా వదినె ప్రభావతి ఇంటికి వచ్చింది. "ఏమన్న అయితే ఫికర్ చెయ్యకు వసుమతీ. మా ఇంట్ల ఉండు. వంటామెను మాన్పిస్త" అన్నది. ప్రేమగానే అన్నది. అందుకే, వసుమతి ఆ ఇంట్లో జీతం లేని వంటామె కావద్దని ఆ రాత్రే అనుకున్నాను.

కాబట్టి, నా భార్యకు గాని కూతురికి గాని మా అన్న ఏ విధంగానూ సంరక్షకుడు కాడు. నర్మదకు తల్లి ఒక్కతే సంరక్షకురాలు. ఈ వీలునామా అమలు జరిపేదీ ఆమే. అన్నకు నాన్న చేతికర్ర ఇస్తున్నాను. చిన్నప్పుడు అది పట్టుకుని నాన్నలాగా నడిచి నన్ను నవ్వించేవాడు.

4. స్టేషన్ ముందర జామపండ్లు అమ్మే పోశవ్వకు నా ఉన్ని రగ్గు. వానాకాలంలో నర్మదకు జ్వరం ముదిరిననాడు నేను ఇంట్లో లేను. వసుమతి కేక విని పోశవ్వ గంప అక్కడే వదిలేసింది, పిల్లను భుజాన వేసుకుని వానలో దవాఖానకు నడిచింది. తిరిగి వచ్చేసరికి గంపలో ఒక్క పండు లేదు. నష్టం ఇవ్వబోతే, "పిల్ల కండ్లు తెరిచింది గద, ఇంకేంది" అన్నది.

5. నర్మదకు నా పెట్టెలోని గుడ్డముక్కలు. దుకాణంలో మిగిలినవి శేటును అడిగి తెచ్చుకున్నాను. ఆమె పొడవు పెరిగినప్పుడల్లా లంగా అంచుకు ఒక ముక్క కలిపి కుట్టాలి.

6. నేను పోయానన్న వార్త వస్తే వసుమతి బొట్టు తుడవడానికి, గాజులు తీయించడానికి ఎవరికీ హక్కు లేదు. మా వదినెకూ లేదు, పురోహితునికీ లేదు. ఆమె రంగు చీరలే కట్టుకోవాలి. మళ్లీ పెళ్లి చేసుకోవాలనుకుంటే, ఇక్కడ కలం చాలాసేపు ఆగింది, చేసుకోవచ్చు.

ఇంతవరకు వ్రాసి, నాతో దుకాణంలో పని చేసే బాలకిషన్ ముందర వసుమతికి చదివి వినిపించాను. తానూ సాక్షి సంతకం చేస్తానన్నది. ఆస్తి ముట్టేవారు సాక్షిగా ఉండకూడదని బాలకిషన్ చెప్పాడు. ఆమె కాగితం తిప్పి చూసింది. తరువాత, "అన్నీ రాసిన్రు. తిరిగొస్తనని యాడ రాసిన్రు?" అని అడిగింది. అందుకని కింది అంశం కలిపాను.

7. నేను ప్రాణాలతో ఇంటికి చేరితే ఈ వీలునామా చెల్లదు. దీన్ని చెల్లకుండా చేయడానికి నా శక్తి కొద్దీ పాటుపడతాను. బతికున్నవాని వీలునామా ఎట్లాగూ చెల్లదు, ఈ అంశం అక్కరలేదని బాలకిషన్ అన్నాడు. ఉండనివ్వమన్నాను.

ఇది నేను వ్రాసి, చదివి, ఒప్పుకుని చేసిన సంతకం.

నాంపల్లి, హైదరాబాదు
బుధవారం, 9 ఫిబ్రవరి 1944

(సంతకం) శ్రీపతి

సాక్షులు:
బాలకిషన్, బట్టల దుకాణం గుమాస్తా, ఆబిడ్స్
వెంకటనర్సయ్య, పక్క ఇంటివారు, నాంపల్లి