మూడు వైపులా చూశాక

నెబ్రాస్కా
1984 అక్టోబర్, ఆదివారం

సముద్రం మీద పనిచేసే మా ఒవిడ్ అన్నయ్యకు,

ఒంటికి క్షేమమే. ముందు ఆ మాట రాసేస్తే మిగతాది నింపాదిగా చెప్పుకోవచ్చు. నువ్వు చమురు రిగ్గు మీదే ఉన్నావో, సెలవు దొరికి ఒడ్డుకు వచ్చావో తెలియక లూసియానాలో మన ఇంటికే రాస్తున్నాను. ఫుట్‌బాల్ మాట ఎత్తితే నువ్వు గదిలోంచి లేచి వెళ్లిపోతావని తెలుసు. ఉత్తరం ముందు నుంచి లేచి వెళ్లిపోయినా మళ్లీ వచ్చి చదువుకోవచ్చు కదా అని ధైర్యం చేశాను.

బంతి విసిరి మా జట్టు ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్‌కి భుజం ఎముక విరిగింది. నిన్నటి ఆట సగం నుంచి నేనే ఆడాను. ఈ సీజన్ అంతా ఇక నేనేనట. ఈ కాలేజీకి వచ్చిన రెండేళ్లకి బంతి నా చేతికొచ్చింది. గెలిచాం కూడా. కానీ ఈ సంగతి చెప్పుకోవడానికి గదిలో నా మంచం తప్ప ఎవరూ లేరు. నాతో ఉండే కుర్రాడు శనివారం రాగానే వాళ్ల పొలానికి వెళ్లిపోతాడు. భోజనాల హాల్లో నేను పళ్లెం పెట్టుకున్న బల్ల చుట్టూ కుర్చీలు ఖాళీగానే ఉంటాయి. ఎవరూ పొమ్మనరు, ఎవరూ రమ్మనరు. తిడితే తిరిగి తిట్టొచ్చు గానీ, మర్యాదగా పక్కకి జరిగేవాళ్లని ఏం చేస్తాం?

జట్టులో నాతో మాట్లాడేది మిలో వాసెక్ ఒక్కడే. బంతిని కాళ్ల మధ్య నుంచి నా చేతికి అందించేది వాడే కాబట్టి మాట్లాడక తప్పదేమో అనుకునేవాణ్ని. కానీ వాళ్లమ్మ పంపే గసగసాల బన్నుల్లో ఒకటి తెచ్చి నా బూట్ల మీద పెట్టి పోతుంటాడు. "బూట్ల మీద తిండేమిట్రా?" అని అడిగితే, "చేతికిస్తే థాంక్స్ అంటావు, మళ్లీ నేనేదో అనాలి. ఎందుకొచ్చిన గోల!" అన్నాడు.

కోచ్ హల్వర్సన్ చెప్పే పాఠం ఒకటే. బంతి అందగానే, పాస్ అందుకునే మనవాళ్లు ముగ్గురిలో మొదటివాణ్ని చూడాలి. వాడికి దారి లేకపోతే రెండోవాణ్ని, ఆ తర్వాత మూడోవాణ్ని. ముగ్గురినీ కమ్మేస్తే అప్పుడు ముందుకు చూడాలి. నేల ఖాళీగా ఉంటే పరిగెత్తాలి. "ఒక్కణ్ని చూడగానే కాళ్లు కదిలాయంటే అది పరుగు కాదయ్యా, పారిపోవడం. ముగ్గుర్నీ చూశాక కూడా కదలకపోతే అది ధైర్యం కాదు, మొద్దుతనం" అంటాడు.

నన్ను బస్సెక్కించేటప్పుడు నువ్వు చెప్పింది వేరు. "పరిగెత్తకు రా చిన్నోడా. నల్లకుర్రాడు ఒక్కసారి పరిగెత్తి చూపిస్తే చాలు, వాళ్లకిక వాడి చెయ్యి కనబడదు, కాళ్లే కనబడతాయి" అన్నావు. నువ్వూ కాలేజీకి క్వార్టర్‌బ్యాక్‌గానే వెళ్లావు. నీ పరుగు చూసి స్టేడియమంతా లేచి నిలబడిందట. మరుసటి వారమే నిన్ను అవతలివాళ్ల పాస్‌లు అడ్డుకునే పనికి మార్చేశారు. క్రిస్మస్‌కి ఇంటికొచ్చి, పెట్టె విప్పకుండానే మంచం కిందకి తోసేశావు. మళ్లీ వెళ్లలేదు. అప్పుడు చిన్నవాణ్నైనా నాకు అది బాగా గుర్తు.

నిన్న నేను ఒక్క అడుగు కూడా పరిగెత్తలేదు అన్నయ్యా. నీకు ఆ మాట చెప్పాలనే ఈ ఉత్తరం.

నీ తమ్ముడు
లూసియన్

*

నవంబర్, ఆదివారం

అన్నయ్యా,

నీ దగ్గర నుంచి జవాబు రాలేదు. రాదని తెలిసినా రోజూ టపా గది వైపు ఒకసారి వెళ్లి వస్తున్నాను. అక్కడి ఆవిడ నన్ను చూడగానే తల అడ్డంగా ఊపేస్తోంది, నేను అడిగే పని కూడా లేకుండా.

నిన్న ఓడిపోయాం. నా వల్లే. ఆట ముగిసేముందు నాలుగు పాయింట్లు వెనకబడి ఉన్నాం. గీత దాటడానికి ఏడు గజాలు కావాలి. మొదటివాణ్ని చూశాను, కమ్మేశారు. రెండోవాడు, మూడోవాడు కూడా అంతే. మావాళ్లు ముగ్గురి వెంటా పోయి పోయి వాళ్ల మనుషులంతా దూరంగా ఉన్నారు. నా ఎదుట ఎవరూ లేరు. నడుచుకుంటూ వెళ్లినా అందేది ఆ గీత. నేను కదల్లేదు. ఎవడూ కనబడని చోటుకి బంతి విసిరాను, వాళ్లవాడు పట్టుకుపోయాడు.

తిరిగొచ్చే బస్సులో మిలో వచ్చి నా పక్క సీట్లో కూలబడ్డాడు. వాడి వీపంతా కమిలిపోయి ఉంది.

"నీ ముందు మా నాన్న మొక్కజొన్న పొలమంత ఖాళీ ఉంది. ఇక్కడ నేను ఇద్దరు దున్నపోతుల్ని ఆపలేక చస్తుంటే నువ్వు నిలబడి ఎవర్ని చూస్తున్నావురా?"

"ముగ్గుర్నీ చూశాను."

"చూశాక?"

నేను వంగి బూట్ల తాళ్లు విప్పడం మొదలుపెట్టాను.

"కాళ్లు ఇంటి దగ్గర మర్చిపోయి వచ్చావా? ఉత్తరం రాసి తెప్పించుకో మరి" అని లేచి వెళ్లిపోయాడు. వాడికేం తెలుసు, నేను అదే పనిలో ఉన్నానని.

తర్వాత కోచ్ పిలిచాడు. "భయమా?" అన్నాడు. కాదన్నాను. "మరేమిటి?" అన్నాడు. ఏం చెప్పను? నేను పరిగెత్తితే మీరే నా చేతిలోంచి బంతి లాక్కుంటారని ఆ మనిషి ముఖం మీద ఎలా అనను? "ఇంకోసారి ఇలా నిలబడితే బెంచీ మీద కూర్చోబెడతాను" అన్నాడు. మాటలో కోపం లేదు. అందుకే నిజంగా చేస్తాడనిపించింది.

పరిగెత్తితే పోతుంది, పరిగెత్తకపోయినా పోతుంది. వచ్చే శనివారం ఆట లేదు. ఆ పై శనివారం ఇక్కడే, మా మైదానంలోనే ఆఖరిది. నువ్వు సరేనంటే పరిగెడతాను. వద్దంటే నిలబడతాను, బెంచీ మీదైనా కూర్చుంటాను. ఒక్క మాట రాయి. ఇంకో సంగతి కూడా చెప్పేస్తాను, నవ్వకు. నీ మాట పట్టుకుని ఉండటం నాకు బరువనిపించడం లేదు. అది కూడా లేకపోతే ఇక్కడ నాకు తోడెవరున్నట్టు?

లూసియన్

*

నవంబర్ చివర, సోమవారం

అన్నయ్యా,

పరిగెత్తాను. నిన్ను అడిగి, నువ్వు చెప్పేదాకా ఆగకుండా పరిగెత్తాను. ముందు తిట్టుకో, తర్వాత చదువు.

శనివారం పొద్దుటి నుంచీ మంచు. ఆఖరి ప్రయత్నం, అయిదు గజాలు కావాలి, రాకపోతే బంతి వాళ్లది, ఆట కూడా వాళ్లదే. మొదటివాడు మంచులో జారి పడ్డాడు. రెండోవాణ్ని ఇద్దరు పట్టుకున్నారు. మూడోవాడి ముందు ఒకడు గోడలా నిలబడ్డాడు. అప్పుడు నువ్వు గుర్తొచ్చావు. బస్సు మెట్టు దగ్గర నా కాలరు సరిచేస్తూ చెప్పిన మాట గుర్తొచ్చింది. అంతలో మిలో కింద పడుతూ అరిచిన అరుపు వినబడింది. మాట కాదు, నొప్పితో అరిచిన అరుపు. నా కోసం ఒకడు అక్కడ నలిగిపోతున్నాడు, నేను ఇక్కడ నా చోటు కాపాడుకుంటున్నాను. సిగ్గేసింది. పరిగెత్తాను.

అయిదు గజాలు కాదు, ఇరవై దాకా వెళ్లాను, బంతి మా దగ్గరే ఉండిపోయింది. ఆ తర్వాత జరిగింది నీకు చెప్పాలి. మళ్లీ బంతి అందుకునేసరికి వాళ్ల మనుషులంతా నా కాళ్లకి భయపడి ముందుకొచ్చేశారు. వాళ్ల వెనక మావాడొకడు అడ్డుకునేవాడు లేకుండా ఒంటరిగా ఉన్నాడు. విసిరాను. అందింది. గెలిచాం. ఈ సీజన్‌లో నేను విసిరిన వాటిలో అంత సులువైంది ఇంకోటి లేదు.

ఇవాళ కోచ్ పిలిచాడు. నువ్వు చెప్పిందే జరిగింది. "నీ కాళ్లు చూశాం. ఒమాహా నుంచి మంచి క్వార్టర్‌బ్యాక్ వస్తున్నాడు. వసంతంలో నువ్వు పాస్‌లు అందుకునే చోటికి మారతావా?" అన్నాడు. నువ్వన్న మాట అక్షరం పొల్లు పోలేదు. కానీ ఆయన "మారతావా" అన్నాడు అన్నయ్యా. అడిగాడు. అడిగితే కాదనొచ్చు కదా అనిపించింది.

"మారను సార్. శనివారం గెలిపించింది పరుగొక్కటే కాదు, ఆ తర్వాతి పాస్ కూడా" అన్నాను. "అయితే క్వార్టర్‌బ్యాక్‌గానే రా. ఎవరు బాగా ఆడితే వాళ్లదే చోటు. నీకని తీసిపెట్టను" అన్నాడు.

అంతే. దొరకనూ లేదు, పోనూ లేదు. నువ్వు తప్పు చెప్పావని నేననను. నీ మాట మీరాననే దిగులు మాత్రం గెలిచిన సంతోషాన్ని మింగేసింది. కోపమొస్తే కోపంగానే రాయి. ఏదో ఒకటి రాయి.

లూసియన్

*

లూసియానా
డిసెంబర్

ఒరే చిన్నోడా,

నీ ఉత్తరాలు మూడూ అందాయి. రెండోది వచ్చేసరికి నేను ఒడ్డునే ఉన్నాను. జవాబు రాయాలని కూర్చున్నాను. పరిగెత్తమని రాయలేకపోయాను. వద్దని కూడా రాయలేకపోయాను. కాగితం అక్కడే వదిలేసి బస్సెక్కాను.

ఆ శనివారం నేను నీ మైదానంలో ఉన్నాను. అన్నిటికంటే పై మెట్టు మీద, రిగ్గు మీద వేసుకునే కోటుతో. పక్కన ఒక పెద్దావిడ కంబళి కప్పుకుని కూర్చుంది. "ఎవరి తాలూకు నాయనా?" అంది. "ఎవరి తాలూకూ కాదండీ, ఊరికే చూద్దామని" అన్నాను. "ఇంత చలిలో ఊరికే చూడ్డానికి ఎవడొస్తాడు!" అంటూనే కంబళిలో సగం నా మీదకి తోసింది.

నువ్వు ముగ్గుర్నీ చూడటం చూశాను. తర్వాత ఒక్క క్షణం ఆగావు. ఆ క్షణంలో నీకు అడ్డం నిలబడింది వాళ్లు కాదు, నేనని నాకు అర్థమైంది. నీ మూడో ఉత్తరం చూడక ముందే తెలిసింది. చుట్టూ అందరూ పరిగెత్తమని అరుస్తున్నారు. నేను లేచింది వద్దని అరవడానికే. నోట్లోంచి వచ్చింది మాత్రం "పరిగెత్తరా చిన్నోడా!" అని. కంబళి ఎటు పోయిందో తెలియదు. ఆవిడ నా చెయ్యి పట్టి లాగి, "ఎవరి తాలూకూ కాదన్నావుగా?" అంది. నేను కోటు చేతితో కళ్లు తుడుచుకున్నాను.

ఆట అయ్యాక అందరి ఇంటివాళ్లూ మైదానంలోకి దిగారు. నువ్వొక్కడివే హెల్మెట్ చంకలో పెట్టుకుని లోపలికి పోతున్నావు. కింద గేటు దగ్గర కాపలా మనిషి "ఆటగాడి తాలూకా?" అని అడిగాడు. "వాళ్ల అన్నయ్యని" అన్నాను. అతను గేటు తీసేసరికి నువ్వు లేవు. ఇన్నేళ్ల తర్వాత గడ్డి మీద కాలు పెట్టాను, మంచు కప్పిన గడ్డే అనుకో. నువ్వు పరిగెత్తినంత మేరా నడిచాను. లోపలికి రావడానికి మాత్రం ధైర్యం చాలలేదు. నన్ను చూస్తే నీ గెలుపు మర్చిపోయి, తప్పు చేశానా అన్నయ్యా అని అడుగుతావు. అది నేను తట్టుకోలేను.

నీ మూడో ఉత్తరంలో ఒక మాట దగ్గర ఆగిపోయాను. నువ్వు కాదన్నావు. నన్నూ అలాంటి గదికే పిలిచి, అదే మాట అడిగారు. నేను "సరే సార్" అన్నాను. కాదనొచ్చని నాకు తెలియదురా. చెప్పేవాళ్లు లేరు. నా కాళ్లే నా ఆటని పోగొట్టాయని ఇన్నాళ్లూ వాటిని తిట్టుకున్నాను, నీ కాళ్లక్కూడా సంకెళ్లు వేశాను. నా ఆట పోయింది ఆ రోజు నేనన్న "సరే" వల్ల.

మంచం కింద నుంచి పెట్టె లాగాను. బూట్లు ఎలకలు కొరికేశాయి, పారేశాను.

వసంతంలో ఆ ఒమాహా కుర్రాడితో నువ్వు పోటీ పడేటప్పుడు వస్తాను. పై మెట్టు మీద కాదు, కింద, గీత పక్కనే కూర్చుంటాను. నా నోరు నీకు తెలుసు కదా, ఊరుకోదు. నేనేం అరిచినా నువ్వు మాత్రం వినకు.

క్వార్టర్‌బ్యాక్ లూసియన్ వాళ్ల అన్నయ్య
ఒవిడ్